ఉసిరికాయ తిన్న నోరు

పోయిన వారం దివాకర్‌ని బేస్‌మెంట్ మెట్ల మీద వదిలేశాం. చేతిలో ముదురు కాగితపు సంచి చుట్టిన సీసా, కడుపులో రెండు నెలలుగా ఆరని మంట. పైన వాకిట్లో యోగానంద్ కారు ఆగిన చప్పుడు.

మంట సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్ళో కార్ల కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాసే దివాకర్‌కి ఇంట్లో బీరు కాచే సరదా ఉంది. చింతచిగురు వేసి పుల్ల బీరు ఒకటి కాచాడు. జర్మనీవాళ్ళు గోసె అంటారు. ఉప్పు, ధనియాలు, పులుపు పడతాయి కాబట్టి అది మన చారుకి దగ్గరి చుట్టం. మొదటి కాపులన్నీ గడ్డివాసన కొట్టాయి. ఆఖరి కాపు మాత్రం అమృతంలా కుదిరింది. ఎందుకు కుదిరిందో అతనికీ సరిగ్గా తెలియదు, చెయ్యి తిరిగిందనుకున్నాడు.

ఇంట్లో కాచేవాళ్ళ పోటీ ఒకటి వచ్చింది. గెలిచిన బీరుని ఊళ్ళో ఉన్న చిన్న బ్రూవరీవాళ్ళు తమ పెద్ద గంగాళాల్లో కాచి అమ్ముతారు, చేసినవాళ్ళ పేరు గోడ మీది బోర్డుకి ఎక్కిస్తారు. దివాకర్ అక్కడ బెదిరాడు. హెచ్‌వన్‌బి వీసా మీద ఉన్నవాడు, తన కంపెనీకి తప్ప ఇంకెవరికీ పనిచెయ్యకూడనివాడు, గ్రీన్ కార్డ్ ప్రాసెస్ నడుస్తున్నవాడు. బీరు కంపెనీ గోడ మీద పేరు పడితే, పక్క వ్యాపారం చేస్తున్నాడని ఎవడైనా అంటే? లాయర్‌ని అడగడానికి కూడా భయమే. ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ పెద్దన్నలా తిరిగే యోగానంద్ సిటిజన్. “నా పేరు మీద వెయ్యి తమ్ముడూ, నీ బీరు ఎక్కడికి పోతుంది?” అన్నాడు. వేశాడు. గెలిచింది. ఆ మర్నాటి నుంచి బీరు యోగానంద్‌దే అయిపోయింది. దివాకర్ ఇచ్చిన సీసాలకే తన బొమ్మ ఉన్న లేబుల్ అంటించి “అమ్మమ్మ చారు” అని పేరు పెట్టి ఊరంతా పంచాడు. ఒక సీసా దివాకర్‌కి కూడా కానుకగా ఇచ్చాడు. అదేమిటన్నా అంటే భుజం తట్టి, “నోరు తెరిస్తే ఎవరికి నష్టమో నీకు తెలుసుగా” అన్నాడు.

ఆ కానుక సీసాయే ఇప్పుడు కాగితపు సంచిలో ఉంది.

*

ఆ కారు ఆగడానికి అరగంట ముందు. బేస్‌మెంట్‌లో పొడుగు బల్ల. దాని మీద వరసగా స్టీలు గ్లాసులు. గాజువి పెడితే రంగు కనపడుతుంది. స్టీలు గ్లాసులో నల్లదీ పచ్చదీ ఒకటే. పళ్ళేలనిండా వేయించిన పల్లీలు, జంతికలు. బల్ల ఆ చివర, యోగానంద్ ఎప్పుడూ కూర్చునే కుర్చీ ముందు మాత్రం చిన్న గిన్నెలో ఉసిరికాయలు. ఇండియన్ స్టోర్‌లో గడ్డకట్టించి అమ్మేవి. మంచు వదిలాక ఉప్పూకారం అద్ది పెట్టాడు.

శ్రీవిద్య బజ్జీల పిండి కలిపిన చేత్తోనే మెట్లు దిగి వచ్చి ఆ గిన్నె చూసింది.

“ఉసిరికాయలు అందరికీ పెట్టవా?”

“ఆయనకి ఇష్టం కదా.”

ఆమె గిన్నె వంక చూసింది, మొగుడి మొహం చూసింది. ఆమెకి చెప్పనక్కర్లేదు. ఉసిరికాయ తిన్న నోటికి మంచినీళ్ళు కూడా తియ్యగా తగులుతాయని తెలుగునాట చిన్నపిల్లకైనా తెలుసు. గోసెకి పులుపే ప్రాణం. ఆ నోటికి పులుపు అందదు. పోయిన వారం దివాకర్ తన మీదే పరీక్ష చేసుకుని, మొదటి గుక్క సింకులో ఉమ్మేశాడు. ఆ ఉమ్మడం ఆమె వంటింట్లోంచి చూసింది.

“నీకు ఆయన మీద అంత కోపం దేనికి, దివా?”

“దేనికేంటి? నా బీరు దొంగిలించాడు.”

“ఓహో,” అంది శ్రీవిద్య. ఆ ఒక్క మాట అని పైకి వెళ్ళిపోయింది. మిరపకాయల కడుపు చీల్చే చాకు చప్పుడు కిందికి వినిపించింది. రోజూకంటే కొంచెం గట్టిగానే వినిపించింది. దివాకర్ చెవిన పెట్టలేదు. పగ పట్టినవాడికి ఒక దిక్కే వినపడుతుంది.

*

యోగానంద్ వస్తూనే ఇల్లు నిండిపోయింది. ఒళ్ళు పెద్దది, గొంతు అంతకంటే పెద్దది. వెనకాల భార్య సరోజ చెప్పులు విప్పి వరసగా సర్దిపెట్టింది, ఆయనవి కూడా. ఆ తర్వాత హర్షవర్ధన్ వచ్చాడు. వరంగల్ పిల్లాడు, దివాకర్ టీంలోనే పని, ఫోన్ చేతిలో లేకపోతే ఊపిరాడనివాడు. అందరికంటే చివర బ్రూవరీ యజమాని గ్రెగ్ వచ్చాడు. గడ్డం, గళ్ళచొక్కా, మాట తక్కువ మనిషి. సోమవారం ఈ గెలిచిన బీరుకే పెద్ద గంగాళం కింద మంట వెలిగించబోతున్నాడు. గోడ మీద పేరు రాసేది కూడా ఆ రోజే.

పద్ధతి దివాకర్ చెప్పాడు. ఎవరి సీసా వాళ్ళు సంచి చుట్టి తేవాలి, ఒక్కొక్కరు ఒక్కో రకం. పోసేది దివాకర్. పేరు తెలియకుండా తాగి, మనసులో ఉన్నది మొహమాటం లేకుండా చెప్పాలి. ఆ తర్వాతే సంచి విప్పడం.

“హర్షా, లైవ్ పెట్టు. మన గ్రూప్ వాళ్ళంతా చూస్తారు,” అన్నాడు దివాకర్.

“పెట్టిన అన్నా. ట్రాయ్ ఫ్రెండ్స్ అందరికీ నమస్తే! ఇయ్యాల మన యోగన్న నాలుక టెస్టు!”

“టెస్టేంట్రా, నేను మాస్టర్ని,” అన్నాడు యోగానంద్ కుర్చీలో కూలబడుతూ. చెయ్యి అలవాటుగా ఉసిరికాయల గిన్నెలోకి పోయింది. “అబ్బ, ఎక్కడ దొరికాయి తమ్ముడూ? ప్రాణం లేచొచ్చింది.”

దివాకర్ నవ్వాడు. గేలానికి వానపాము గుచ్చి, నీళ్ళు కదలకుండా కూర్చునేవాడి నవ్వు.

మొదట పిల్స్‌నర్, తేలిక రకం బీరు. అందరూ బాగుందన్నారు, దానికెప్పుడూ శత్రువులుండరు. తర్వాత గోధుమ బీరు పోశాడు.

“అరటిపండు వాసన వస్తోంది,” అంది సరోజ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని. “గుళ్ళో ప్రసాదంలాగా.”

“ప్రసాదం అనకే, కళ్ళు పోతాయి,” అన్నాడు యోగానంద్.

“మీ కళ్ళు బీరుకి పోవులెండి. స్కాచ్‌కి ఎప్పుడో పోయాయి.”

హర్ష తెచ్చిన ఐపీఏ పోయగానే అందరి మొహాలూ ముడుచుకున్నాయి. అది బాగా చేదు పెట్టే రకం.

“ఎవడ్రా ఇది తెచ్చింది?”

“నేనే అన్నా. కొన్నప్పుడు మంచిగనే అనిపించింది. ఇప్పుడు యాపపుల్ల నమిలినట్టున్నది.”

“పళ్ళు తోముకో, సరిపోద్ది.”

గ్రెగ్ తెచ్చిన నల్ల స్టౌట్ కాఫీ డికాషన్‌లా చిక్కగా దిగింది. యోగానంద్ కళ్ళు మూసుకుని, నాలుక చప్పరించి, చాక్లెట్ ఉందన్నాడు, పొగ ఉందన్నాడు, ఓక్ పీపా చెక్క వాసన ఉందన్నాడు. గ్రెగ్ చెక్క లేదని చెప్పబోయి ఊరుకున్నాడు. ప్రతి గ్లాసుకీ మధ్య యోగానంద్ ఒక ఉసిరికాయ కొరుకుతూనే ఉన్నాడు. దివాకర్ ఆ నోటినే చూస్తున్నాడు. పొలంలో నీళ్ళు ఏ మడికి ఎక్కాయో చూసే రైతు కూడా అంత నిదానంగా చూడడు.

ఆఖరి సీసా తీశాడు. అందరి గ్లాసుల్లో సమంగా పోశాడు.

గ్రెగ్ ఉసిరికాయ ముట్టలేదు. ఏమిటో తెలియని పచ్చటి కాయ, దాని మీద కారం చూసి ముందే దణ్ణం పెట్టాడు. అతని నోరు శుభ్రంగా ఉంది. ఒక గుక్క తాగి గ్లాసు వంక చూశాడు. ఇంకో గుక్క తాగాడు. కళ్ళలో గుర్తుపట్టిన వెలుగు వచ్చింది. చిరునవ్వుతో యోగానంద్ వైపు తిరిగి, ఆయన ఏమంటాడా అని చూస్తూ కూర్చున్నాడు.

యోగానంద్ ఆ బీరు ఎంతోమందికి పోశాడు. తను మాత్రం ఏనాడూ అర గ్లాసు తాగి ఎరగడు. ఇప్పుడు పెద్ద గుక్క పట్టాడు. మొహం చిట్లించాడు.

“ఛీ! ఇదేం బీరు? తియ్యగా, ఉప్పగా... గేదెకి పెట్టే కుడితి నయం.”

“యోగన్నా, నిజం చెప్పు, గంత ఘోరంగ ఉన్నదా?” హర్ష ఫోన్ మొహం దగ్గరికి తెచ్చాడు.

“ఘోరమా? ఇది కాచినవాడికి నాలుక లేదు.” యోగానంద్ కెమెరా కేసి వేలు చూపించాడు. తర్వాత గ్రెగ్‌కి అర్థం కావాలని ఇంగ్లీషులోకి మారాడు. “గ్రెగ్, ఇలాంటిది నీ గోడ మీదకి ఎక్కిందనుకో, నీ బ్రూవరీ మూసుకోవాల్సిందే. ఈ చెత్తని నేనైతే మొక్కలకి కూడా పొయ్యను.”

గ్రెగ్ చిరునవ్వు నెమ్మదిగా ఆరిపోయింది. గ్లాసు బల్ల మీద పెట్టాడు.

“సంచి నువ్వే విప్పు అన్నా,” అన్నాడు దివాకర్.

యోగానంద్ ఒక్క లాగు లాగాడు. సీసా మీద ఆయన బొమ్మే, బుగ్గలు పొంగేలా నవ్వుతూ. కింద పెద్ద అక్షరాల్లో ‘అమ్మమ్మ చారు’.

హర్ష గొంతులోంచి ఏదో తన్నుకొచ్చింది, చేత్తో నోరు మూసుకున్నాడు. ఫోన్ ఊగింది. లైవ్ నడుస్తోందని చెప్పే ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది.

సరోజ సీసా తీసుకుని బొమ్మ చూసింది, మొగుణ్ణి చూసింది.

“మీ అమ్మమ్మ ఎప్పుడైనా చారు కాచిందా అసలు? మీ ఇంట్లో వంటమనిషి ఉండేది కదండీ.”

అప్పుడు పేలింది నవ్వు. దివాకర్ నవ్వలేదు. రెండు నెలల మంట మీద చల్లటి నీళ్ళు పడుతున్నట్టుంది. ఎంత హాయి! ఇన్ని రాత్రుళ్ళు నిద్రపట్టక అటూ ఇటూ దొర్లింది దీని కోసమే. యోగానంద్ మెడ మీద నుంచి చెవుల దాకా ఎర్రగా పాకుతుంటే, ఒక్క చుక్క కూడా వదలకుండా చూశాడు.

గ్రెగ్ మాత్రం నవ్వులో కలవలేదు. “యోగి, ఒక్కటి అడుగుతాను. ఇందులో ఆకు ఎప్పుడు వేశావు?” అన్నాడు. మెత్తగానే అడిగాడు.

“ఆకా... మరిగేటప్పుడే. ఇంకెప్పుడు వేస్తారు?”

గ్రెగ్ తల అడ్డంగా ఊపాడు. “మరిగితే ఈ వాసన నిలవదు. రెండు నెలలుగా నాకు అర్థం కానిది అదే. ఇది నువ్వు చేసింది కాదు, అవునా? మరెవరు చేశారు?”

దివాకర్ మరిగేటప్పుడే వేశాడు. తను కూడా అదే జవాబు చెప్పేవాడు. అది కొంచెం గుచ్చుకుంది గానీ ఆలోచించే తీరిక దొరకలేదు. యోగానంద్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు. పరువు పోయిన మనిషికి పోగొట్టుకోడానికి ఇంకేమీ ఉండదు. ఆ మొహంలో నవ్వు మళ్ళీ వచ్చింది. కానీ అది సీసా మీది నవ్వు కాదు.

“ఎవరు చేశారా? అదిగో, దివాకర్ చేశాడు. అడుగు. హర్షా, ఫోన్ అటు తిప్పు.”

“అన్నా, కట్ చెయ్యాల్నా?” హర్ష నీళ్ళు నమిలాడు.

“ఎందుకు కట్ చేస్తావు? లైవ్ పెట్టమంది తమ్ముడే కదా. చెప్పు తమ్ముడూ. నాది అని ఒక్క మాట చెప్పు. బ్రూవరీకి బీరు తయారుచేసి ఇచ్చాను, నేను హెచ్‌వన్ మీద ఉన్నాను అని కూడా చెప్పు. మీ ఆఫీసువాళ్ళు కూడా ఉన్నారుగా గ్రూప్‌లో.”

ఫోన్ తిరిగింది. పొద్దుట్నుంచి యోగానంద్ మొహం కోసం దాచిపెట్టిన ఎర్రచుక్క ఇప్పుడు దివాకర్ మొహంలోకి చూస్తోంది. నాది అంటే ఎన్నేళ్ళ కాగితాలు ఏమవుతాయో తెలియదు. కాదు అంటే బీరు ఎప్పటికీ అనాథే. తను తవ్విన గోతి ఎంత లోతో అందులో నిలబడి చూస్తున్నాడు.

“ఈజ్ ఇట్ యువర్స్?” అన్నాడు గ్రెగ్.

దివాకర్ బల్ల మీది ఖాళీ సంచి తీసి మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు.

“ఐ మేడ్ ఇట్.”

మెట్ల దగ్గర శ్రీవిద్య. చేతిలో బజ్జీల పళ్ళెం. ఎంతసేపటి నుంచి అక్కడుందో ఎవరికీ తెలియదు. పళ్ళెం బల్ల మీద పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

“నేను చేశాను ఆ బీరు.”

దివాకర్ గుండె మీంచి బండ దొర్లింది. అవును! ఆమెకి ఈఏడీ ఉంది. పని చేసుకునే పర్మిట్ అది. మాంటిసోరీ స్కూల్ ఫ్రంట్ డెస్క్‌లో చేసేది దాని మీదే. ఏ కంపెనీకైనా పనిచేయొచ్చు, ఏ గోడ మీదైనా పేరు పెట్టించుకోవచ్చు, ఎవడూ అడగడు. ఇంత సులువైన దారి ఇంట్లోనే ఉంటే తనకి తట్టలేదేం? ఎంత సమయానికి ఆదుకుంది పిచ్చిది! దివాకర్‌కి నవ్వు కూడా వచ్చింది.

“ఆకు ఎప్పుడు వేశారు?” గ్రెగ్ అదే ప్రశ్న అడిగాడు.

మరిగేటప్పుడు అనకు, అనకు, అని దివాకర్ కళ్ళతోనే సైగ చేశాడు. ఆమె అతని వైపు చూడనే లేదు.

“మరిగించడం ఈయన పని. కాయకూర పడేసినట్టు పుల్లలతో సహా పడేసేవాడు. గడ్డివాసన రాక ఏమొస్తుంది? చింతచిగురు పప్పులో వేసేముందు ఏం చేస్తాం సరోజక్కా?”

“నలుపుతాం. పుల్లలు తీసేసి.”

“అదే. ఎండబెట్టి, ఉప్పుతో అరచేతుల్లో నలిపి, పుల్లలు చెరిగేసి ఉంచాను. బకెట్‌లో బీరు పులిసి, పొంగడం ఆగాక, ఈయన ఆఫీసుకెళ్ళిన రోజు, మూత తీసి వేశాను.” ఆమె అదంతా ఇంగ్లీషులో గ్రెగ్‌కి మళ్ళీ చెప్పింది. చేతులు నలిపి చూపించింది.

గ్రెగ్ నిటారుగా కూర్చున్నాడు. గ్లాసు మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. “అదీ సంగతి,” అన్నాడు తనలో తను.

దివాకర్ నవ్వు పెదవి మీదే గడ్డకట్టింది. ఆమె కాపాడటానికి అబద్ధం చెప్పడంలేదు.

“విద్యా... నాకు చెప్పలేదేం?”

“చెప్పాను. కుదిరింది చూడవోయ్, నేనొకటి వేశాను అన్నాను. నువ్వు ఫోన్‌లో ఆయనకి చెబుతున్నావు, నా చెయ్యి తిరిగిందన్నా అని.” గొంతు పెంచలేదు. “పోనీలే అనుకున్నాను. పోటీకి పంపేటప్పుడు పేరు కావాల్సొచ్చింది. నీకు భయం. సరే. ఒకే ఇంట్లో, ఒకే స్టవ్ దగ్గర నిలబడ్డాను, నాకు పర్మిట్ ఉంది. నా పేరు గుర్తొచ్చిందా నీకు? పది మైళ్ళ అవతలున్న అన్న పేరు గుర్తొచ్చింది.”

యోగానంద్ దగ్గాడు. “చూశావా తమ్ముడూ, నన్ను దొంగంటావు గానీ...”

“మీరు కూర్చోండి అన్నయ్యగారూ. మీ వంతు అయిపోలేదు.”

ఆయన కూర్చున్నాడు. సరోజ తన గ్లాసులో మిగిలిన గోసె నిదానంగా తాగుతోంది. ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి.

గ్రెగ్ గొంతు సవరించుకున్నాడు. సోమవారం బోర్డు మీద ఏం పేరు రాయమంటారని శ్రీవిద్యని అడిగాడు.

“చెప్తాను. ముందు మీరు నాకో సాయం చెయ్యాలి.” ఆమె బల్ల ఆ చివరికి నడిచి, యోగానంద్ ముందున్న ఉసిరికాయల గిన్నె తీసుకుంది. దాన్ని తెచ్చి, అందరికీ కనపడేలా, ఫోన్‌కి కూడా కనపడేలా, బల్ల మధ్యలో పెట్టింది. తర్వాత దివాకర్ వైపు తిరిగింది. ఇద్దరికే వినపడేంత మెల్లగా అంది.

“ఆయన నిన్ను మోసం చేశాడు, నీ పగ నువ్వు తీర్చుకో, నాకేం? కానీ నేను నలిపి చేసిన బీరుని పదిమందిలో కుడితి అనిపించావు చూడు. అది ఆయన నోటి మాట కాదు దివా, నువ్వు ఆ నోట్లో పెట్టిన మాట.”

“విద్యా, వద్దు.” దివాకర్ ఫోన్ వైపు తిరిగాడు. “హర్షా, కట్ చెయ్యిరా!”

హర్ష ఫోన్ వంక చూశాడు. ఒకపక్క దివాకర్, ఇంకోపక్క శ్రీవిద్య. ఆమె చూపు చూసి బొటనవేలు వెనక్కి తీసుకున్నాడు. “అన్నా... చానామంది చూస్తున్నరన్నా.”

“గ్రెగ్,” అంది శ్రీవిద్య ఇంగ్లీషులో, పెళ్ళివిందులో వడ్డించే ఇల్లాలిలా నవ్వుతూ, “మా ఊళ్ళ కాయ ఇది. ఒకటి పూర్తిగా నమలండి. తర్వాత ఆ బీరే మళ్ళీ ఒక గుక్క తాగండి. యోగానంద్ గారూ, మీరు ఈయన మొహం జాగ్రత్తగా చూడండి.”

యోగానంద్ కనుబొమలు ముడిపడ్డాయి. ఆయన చూపు గిన్నె మీదికి పోయింది, తన ముందున్న గింజల కుప్ప మీదికి పోయింది, అక్కణ్ణించి దివాకర్ మీదికి పాకింది.

గ్రెగ్ ఉసిరికాయ కొరికాడు. వగరుకి ఒక కన్ను మూసుకుపోయింది. అయినా మాటకి కట్టుబడి నమిలాడు, మింగాడు. చెయ్యి చాచి స్టీలు గ్లాసు అందుకున్నాడు.

గ్లాసు పెదవుల దాకా లేచింది.